పియానో ప్రశ్నలు: ‘యెస్టర్‌డే’కి లాటిన్ నడక

పోయిన సంచికలో పాత పాప్ పాటలను మన చేతికి తగ్గట్టు పెంచుకుని వాయించడం గురించి రాస్తూ, బీటిల్స్ ‘యెస్టర్‌డే’ని క్యూబా బొలెరో నడకలో వాయిస్తే ఎంత అందంగా ఉంటుందో ఒక్క మాట అని వదిలేశాను. ఆ ఒక్క మాట మీదే బోలెడు ఉత్తరాలు వచ్చాయి, అందుకని ఈ నెల శీర్షిక మొత్తం ఆ పాటకే ఇచ్చేస్తున్నాను. పాట తెలియనివారి కోసం: 1965లో ‘హెల్ప్!’ ఆల్బమ్‌లో వచ్చింది. పాల్ మెకార్ట్‌నీ ఒక్కడే గిటార్ పట్టుకుని పాడాడు. వెనక రెండు వయొలిన్లు, ఒక వియోలా, ఒక చెల్లో ఉంటాయి, మిగతా ముగ్గురు బీటిల్స్ ఆ రికార్డులో లేనే లేరు. రెండు నిమిషాల పాట, అంతే.

ప్రశ్న: చిన్నప్పుడు గ్రేడ్ 5 దాకా పియానో నేర్చుకుని వదిలేశాను, ఇప్పుడు ముప్పై ఆరేళ్లకు మళ్లీ మొదలుపెట్టాను. ‘యెస్టర్‌డే’ నోట్స్ చూసి తప్పుల్లేకుండా వాయిస్తాను. మీరు రాసింది చదివాక కీబోర్డులో బోసా నోవా రిథమ్ పెట్టుకుని కుడిచేత్తో అక్కడక్కడా పరుగులు కలిపాను. మావారు విని ‘లిఫ్టులో వేసే మ్యూజిక్‌లా ఉంది’ అన్నారు. బాధేసింది కానీ నిజంగానే అలా ఉంది. ఎక్కడ పొరపాటు చేస్తున్నానండీ?
— పాఠకురాలు, కాకినాడ

జవాబు: మీ కుడిచేతిని ఏమీ అనకండి, దాని పని అది చేస్తోంది. చిక్కంతా ఎడమచేతిలో ఉంది, సరిగ్గా చెప్పాలంటే ఎడమచేతికి పనే లేకుండా పోవడంలో ఉంది. రిథమ్ బటన్ నొక్కగానే తాళం బాధ్యత మిషన్ తీసేసుకుంటుంది, మీ ఎడమచేయి కార్డ్ (కలిపి నొక్కే స్వరాల గుత్తి) పట్టుకుని కూర్చుంటుంది, ఇక కుడిచేతిని పట్టి లాగేది గానీ ఆపేది గానీ ఏదీ ఉండదు. లాటిన్ సంగీతంలో రుచి అంతా ఆ పట్టులోనే ఉంది. ఏ స్వరం వేశామన్నది తర్వాతి సంగతి, అది ఏ క్షణంలో పడిందన్నదే ముఖ్యం.

ముందు ‘లాటిన్’ అన్న మాటను కాసేపు పక్కన పెడదాం. బ్రెజిల్ బోసా నోవా, అర్జెంటీనా టాంగో, క్యూబా సోన్, డాన్సోన్, బొలెరో అన్నిటినీ ఆ ఒక్క మాట కిందే వేసేస్తారు, నిజానికి దేని నడక దానిదే. మీ పాటకు నేను ఎంచేది బొలెరో. స్పెయిన్‌లో మూడు బీట్ల లెక్కకు ఆడే పాత బొలెరో వేరు, దాన్ని మరిచిపోండి. నేను చెప్పేది క్యూబా తూర్పు కొసన ఉన్న సాంతియాగోలో 19వ శతాబ్దం చివర్లో గిటార్ పాటగాళ్లు పుట్టించిన ప్రేమపాట, దీన్ని మనం నాలుగు బీట్లకు లెక్కపెట్టుకుందాం. అక్కడి నుంచి మెక్సికో చేరి, రేడియో, సినిమాల మీదుగా స్పానిష్ మాట్లాడే దేశాలన్నిటికీ పాకింది. పోయినదాన్ని తలుచుకుని నెమ్మదిగా, మర్యాదగా బాధపడటం బొలెరోకి పుట్టుకతో వచ్చిన గుణం. ‘యెస్టర్‌డే’ కూడా నిన్నటిదాకా ఉండి ఇవాళ లేకుండా పోయిన మనిషి గురించే కదా. రెండింటి మనసూ ఒకటే కాబట్టి అతుకు కనబడదు.

ఇప్పుడు రిథమ్ ఆపేయండి. తాళం టిక్కుటిక్కుమని కొట్టే మెట్రోనోమ్‌ని నిమిషానికి 80 బీట్ల దగ్గర పెట్టుకోండి, అసలు పాట వందకు కాస్త తక్కువలో నడుస్తుంది, మనం ఇంకొంచెం తగ్గిద్దాం. ఎడమచేత్తో ఒక్క బార్ (నాలుగు బీట్ల ఆవర్తనం) మాత్రమే: ఒకటో బీట్ మీద కార్డ్ మూలస్వరం వేసి రెండు బీట్లు నిలపండి, మూడో బీట్ మీద దాని ఐదో స్వరం, నాలుగో బీట్ మీద ఒక స్థాయి పైన అదే మూలస్వరం. పొడుగు, పొట్టి, పొట్టి. ఒకే బార్లో రెండు కార్డులుంటే మొదటి కార్డ్ మూలస్వరం రెండు బీట్లు, రెండో కార్డ్ మూలస్వరం మూడో బీట్ మీద, దాని ఐదో స్వరం నాలుగో బీట్ మీద. ఇది చూడటానికి ఎంత చిన్న పనో అంత పెద్ద పని. వారం రోజులు కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని, ఎడమచేత్తో ఇదొక్కటే వాయిస్తూ పాటను నోటితో పాడండి. గొంతు బాగుండక్కర్లేదు. నోరు పాడుతుంటే చేయి తడబడుతోందంటే ఇంకా కుడిచేతి వేళ రాలేదని.

ఈ వారం రోజుల నియమం నేను కనిపెట్టింది కాదు. ఇరవై రెండేళ్ల వయసులో ఒక హోటల్ బ్యాండులో సాయంత్రాలు వాయించేవాణ్ణి, మా బేస్ గిటారిస్ట్ గోవా పెద్దాయన. బొలెరో మొదలుపెట్టిన మూడో రోజున ఆయన నా కుడిచేయి పట్టుకుని పియానో మీంచి తీసేసి, ‘ఈ చేయి ఆదివారం తర్వాత’ అన్నారు. ఆ ఆదివారం తర్వాత నా వాయింపు మారిపోయింది. ఈ మాట ఎవరికి చెప్పినా ఆయన్ని తలుచుకోకుండా చెప్పలేను.

ఇక కుడిచేయి. మొదట్లో కొత్త స్వరం ఒక్కటి కూడా కలపొద్దు, ఉన్న పాటనే కాలంలో అటూ ఇటూ జరపండి. పాట మొదటి మూడు స్వరాలు జి, ఎఫ్, ఎఫ్. వాటిని ఒకటో బీట్ మీద వేయకుండా అర బీట్ ఆగి వేయండి, ఎడమచేయి మాత్రం ఆగకూడదు. బొలెరో పాడేవాళ్లు ఎప్పుడూ చేసేది ఇదే, చెప్పాల్సిన మాట నోటిదాకా వచ్చి ఆగినట్టు కాస్త వెనకబడి, తర్వాత రెండు మాటలు గబగబా అనేసి తాళాన్ని అందుకుంటారు. రెండో వారం దీనికి ఉల్టా చేయండి, తర్వాతి బార్లో రావాల్సిన స్వరాన్ని అర బీట్ ముందే వేసి బార్ గీత దాటేదాకా పట్టుకోండి. వెనకబడటం, ముందే అందుకోవడం అన్న ఈ రెండూ చేతికి వచ్చాయంటే మీరు సొంతంగా వాయిస్తున్నట్టే లెక్క, విన్నవాళ్లకి పాట పాటలాగే ఉంటుంది.

పరుగులు మాత్రం మానేయండి. పాట ఊపిరి తీసుకునే చోట, అంటే మూడో బార్లోనూ ఐదో బార్లోనూ ఖాళీ దొరుకుతుంది, అక్కడ రెండు స్వరాలను జంటగా, మూడో స్వరం దూరంలోనో ఆరో స్వరం దూరంలోనో పట్టుకుని నెమ్మదిగా మూడు నాలుగు మెట్లు దిగండి. క్యూబా పాత బొలెరోల్లో ఇద్దరు పాటగాళ్లు ఒకరి కింద ఒకరు ఇలాగే పాడేవారు, మొదటి గొంతు, రెండో గొంతు అని. మీ కుడిచేతిలో ఆ ఇద్దరూ కూర్చున్నారనుకోండి.

ఒక చిన్న హెచ్చరిక కూడా. అందంగా ఉంటుందని మొదటి కార్డ్‌ని ఎఫ్ మేజర్ సెవెంత్ చేయకండి. పాట సరిగ్గా ఎఫ్ స్వరం మీద నిలబడి ఉంటుంది, మేజర్ సెవెంత్‌లోని ‘ఈ’ (E) స్వరం దాన్ని పక్క నుంచి గీరుతుంది. ఎఫ్ సిక్స్త్ వేయండి, మెత్తగా ఉంటుంది.

ప్రశ్న: మేం ముగ్గురం ఫ్రెండ్స్. నేను పియానో, ఒకడు కహోన్ (మీద కూర్చుని చేత్తో వాయించే పెట్టె డ్రమ్), ఇంకొకడు రెండు కర్రలతో క్లావే తాళం కొడతాడు. ‘యెస్టర్‌డే’ మొదటి చరణం బాగానే వస్తుంది, రెండో చరణంలోకి వెళ్లేసరికి క్లావే తలకిందులైపోతుంది. మూడు దెబ్బలు పడాల్సిన చోట రెండు పడుతున్నాయి. వాడు నా తప్పంటాడు, నేను వాడి తప్పంటాను. ఎవరిది?
— పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఇద్దరిదీ కాదు. ఆ పాట చరణం ఏడు బార్లు! మామూలుగా ఇలాంటి పాటలు ఎనిమిదేసి బార్లు ఉంటాయి, ఇది ఒకటి తక్కువ. లెక్కపెట్టి చూడండి: ఒకటో బార్ ఎఫ్, రెండోది ‘ఈ’ (E) మైనర్ సెవెంత్, ‘ఏ’ (A) సెవెంత్, మూడోది డి మైనర్, నాలుగోది బి ఫ్లాట్, సి సెవెంత్, ఐదోది మళ్లీ ఎఫ్, ఆరోది డి మైనర్, జి సెవెంత్, ఏడోది బి ఫ్లాట్, ఎఫ్. అంతే, ఊపిరి తీసుకునేలోపు రెండో చరణం వచ్చేస్తుంది. మధ్యలో వచ్చే భాగం మాత్రం బుద్ధిగా ఎనిమిది.

క్లావే రెండు బార్ల వ్యవహారం కాబట్టి ఏడుతో దానికి పొత్తు కుదరదు. చదివేవాళ్లలో క్లావే తెలియనివాళ్ల కోసం మన లెక్కలో చెప్తాను. ‘తకిట తకిట తకధిమి తక తకధిమి’ అని నోటితో అనండి. మూడు, మూడు, నాలుగు, రెండు, నాలుగు, మొత్తం పదహారు. ప్రతి ముక్కలో మొదటి అక్షరం మీద చప్పట్లు కొట్టండి. ఆ అయిదు చప్పట్లే సోన్ క్లావే. మొదటి సగంలో మూడు దెబ్బలు, రెండో సగంలో రెండు. మృదంగం పాఠం ఒక్క నెల విన్నవాళ్లకైనా ఇది అయిదు నిమిషాల్లో నోటికి వచ్చేస్తుంది, ఇంగ్లీషు పుస్తకాల్లో పేజీలు పేజీలు ఉంటుంది దీని గురించి.

మీ ముందు మూడు దారులున్నాయి. చరణం చివర ఇంకో బార్ కలిపి ఎనిమిది చేసేయడం ఒకటి. చాలామంది ఇదే చేస్తారు, నాకు మాత్రం నచ్చదు. ఆ లేని బార్ వల్లే పాట బాధలో ముందుకు తూలినట్టు ఉంటుంది, దాన్ని పూడ్చేస్తే పాట కాళ్లు చాపుకుని కూర్చుంటుంది. రెండోది, క్లావేని రెండింతలు వేగం చేసి పూర్తిగా ఒక్క బార్లోనే ఇమిడ్చేయడం, అంటే ఒక్కో బీట్‌లో నాలుగేసి అక్షరాలు. 80 మీద పాట నెమ్మదిగానే నడుస్తుంది, లోపల క్లావే 160 లెక్కన చురుగ్గా కదులుతుంది, ఏడు బార్లకు ఏడు క్లావేలు పూర్తవుతాయి, ఎక్కడా తలకిందులు కాదు. మీ ముగ్గురూ ఇప్పుడు చేయాల్సింది ఇదేనని నా సలహా.

మూడో దారి నాకు అన్నిటికన్నా ఇష్టం. అసలు సరిచేయకండి! క్లావేని దాని మానాన దాన్ని కొట్టనివ్వండి. మొదటి చరణం మూడు దెబ్బల వైపు మొదలవుతుంది, ఏడు బార్లయ్యాక రెండో చరణం రెండు దెబ్బల వైపు మొదలవుతుంది, అదీ అయ్యేసరికి పద్నాలుగు బార్లు కాబట్టి మధ్యభాగం మళ్లీ మూడు దెబ్బల వైపే వచ్చి పడుతుంది. సాల్సా బ్యాండ్లకు పాట రాసేవాళ్లు కావాలనే బేసి సంఖ్య బార్లు పెట్టి ఈ పని చేస్తారు. వాళ్ల నియమం ఏంటంటే క్లావే ఎప్పుడూ తిరగబడదు, దాని మీద పాటే తిరుగుతుంది. అదే రాగం, అవే స్వరాలు, కింద దెబ్బలు మాత్రం వేరే చోట పడుతుంటాయి, రెండోసారి విన్నప్పుడు మాట అదే అయినా అర్థం మారినట్టు ఉంటుంది. మీ ఫ్రెండ్ చేయి ఆపకుండా ఉంటే చాలు. సర్దుకోవాల్సింది మీ వేళ్లు.

ప్రశ్న: వీణ ఎనిమిదేళ్లు నేర్చుకున్నాను, పియానో ఈ మధ్యే. ‘యెస్టర్‌డే’ రెండో బార్లో పైకి వెళ్లే స్వరాలు వింటుంటే నాకు గౌరిమనోహరి వినిపిస్తోంది. ఇది నా భ్రమా? ఆ రాగం పట్టుకుని కల్పనస్వరాల్లా అల్లుకుంటూ పోవచ్చా?
— పాఠకురాలు, తెనాలి

జవాబు: భ్రమ కానే కాదు, మీ చెవికి నమస్కారం. అక్కడ పాట ఏ, బి, సి షార్ప్, డి, ఈ, ఎఫ్ అని ఎక్కుతుంది. డి ని షడ్జం చేసుకుంటే ప, ద, ని, స, రి, గ, అంటే చతుశ్రుతి ధైవతం, కాకలి నిషాదం, సాధారణ గాంధారం. అచ్చంగా గౌరిమనోహరి పూర్వాంగంలోకి ఎక్కే దారి. పాశ్చాత్యులు దీన్ని మెలాడిక్ మైనర్ ఆరోహణ అంటారు.

కానీ ఆ రాగం అక్కడే ఉండిపోదు. నాలుగో బార్‌కి వచ్చేసరికి పాట డి, సి, బి ఫ్లాట్, ఏ, జి అని దిగుతుంది. అదే షడ్జం నుంచి చూస్తే నిషాదం, ధైవతం రెండూ కిందికి జారిపోయాయి, నఠభైరవి ఛాయ. ఇంకో బార్ దాటితే ఎఫ్ షడ్జమైపోయి శంకరాభరణంలో తేలుతుంది. ఆరో బార్ జి సెవెంత్‌లో మళ్లీ శుద్ధమైన బి, ఏడో బార్లో వెంటనే బి ఫ్లాట్. ఏడు బార్లలో ఇన్ని మలుపులుంటే ఒక్క రాగం పట్టుకుని అల్లడం కుదరదు. గౌరిమనోహరిని నాలుగో బార్లోకి లాక్కెళ్లారంటే కింద కార్డు, పైన మీ స్వరం కొట్టుకుంటాయి.

కల్పనస్వరాల కన్నా నెరవల్ పద్ధతి దీనికి బాగా కుదురుతుందని నా నమ్మకం. నెరవల్‌లో సాహిత్యం మారదు, అక్షరాలు తాళంలో పడే చోటు ఇంచుమించు మారదు, రాగం మాత్రం లోపల విచ్చుకుంటూ పోతుంది కదా. ఇక్కడా అలాగే మొదటి వరుస మాటల లెక్క మనసులో పెట్టుకుని, పై స్వరాలు మారుస్తూ పోండి. జి, ఎఫ్, ఎఫ్ అన్న మూడు స్వరాల ముక్క ఉంది చూశారూ, పై నుంచి ఒక మెట్టు జారి నిలబడటం, అదే పాటకు ప్రాణం. ప్రతి కార్డ్ మీదా ఆ జారుడు వెతకండి. డి మైనర్ మీద ‘ఈ’ నుంచి డి, బి ఫ్లాట్ మీద సి నుంచి బి ఫ్లాట్, అలా. ఒక్క ఆ ముక్కతోనే రెండు చరణాలు వాయించవచ్చు, వినేవాళ్లకు పాట ఎక్కడికీ పోలేదనిపిస్తుంది.

ఇందులోనే మీకు బాగా పనికొచ్చే సంగతి ఇంకోటి. బొలెరో అలవాటున్న పియానో వాద్యకారులు మైనర్ వైపు వెళ్లేటప్పుడు బి ఫ్లాట్ వాడటానికి ఇష్టపడతారు, ‘ఈ’ మైనర్ సెవెంత్‌లో ఐదో స్వరాన్ని అర మెట్టు తగ్గించి, ‘ఏ’ సెవెంత్‌కి తగ్గించిన తొమ్మిదో స్వరం కలిపి. రెండూ బి ఫ్లాటే. అసలు పాట నడుస్తున్నప్పుడు ఇలా చేస్తే చెడిపోతుంది, ఎందుకంటే పాటలో అక్కడ శుద్ధమైన బి ఉంది. అదే పాట పక్కన పెట్టి మీరు సొంతంగా వాయించే చరణంలో వేసి చూడండి. బి ఫ్లాట్, సి షార్ప్, డి, అంటే శుద్ధ ధైవతం, కాకలి నిషాదం, షడ్జం, గౌరిమనోహరి కాస్తా కీరవాణి అయిపోయింది! ఆ ఒక్క ధైవతం మార్పుతో లండన్ నుంచి హవానాకి వెళ్లిపోతాం. వీణ వాయించినవాళ్లకు ఆ రెండు ధైవతాల తేడా వేళ్లలోనే ఉంటుంది, మీరు ఇది మాకన్నా బాగా చేయగలరు.

గమకాల సంగతి అడగలేదు గానీ చెప్తాను, పియానో మీద గమకం కోసం ప్రయత్నించకండి. పక్క మెట్టు నుంచి చటుక్కున జారే చిన్న స్వరం ఒకటి చాలు.

ప్రశ్న: నేను సూటిగా అడుగుతున్నాను, ఏమీ అనుకోకండి. మంచి పాట ఎలా ఉందో అలా ఉంచక దానికి ఈ డాన్సు తాళాలు తగిలించడం ఎందుకు? ఇది పాటను పాడుచేయడం కాదా?
— పాఠకుడు, వరంగల్

జవాబు: ఏమీ అనుకోను, అడగాల్సిన ప్రశ్నే. పాడుచేసే వాయింపులు నేనూ బోలెడు విన్నాను, పాట బాధ పాటది, తాళం ఉత్సాహం తాళానిది అన్నట్టు. అలాంటివి నాకూ వద్దు.

కాకపోతే ఈ రెండూ ఒకదానికొకటి పరాయివని మాత్రం అనుకోవద్దు. బీటిల్స్‌నే తీసుకోండి. 1962 జనవరి 1న లండన్‌లో డెక్కా కంపెనీకి ఆడిషన్ ఇచ్చినప్పుడు వాళ్లు పాడినవాటిలో ‘బేసమే ముచో’ ఉంది. అది మెక్సికో బొలెరో, రాసింది కోన్‌సువేలో వెలాస్కెస్ అనే పియానిస్ట్. 1964లో వాళ్లే రికార్డు చేసిన ‘అండ్ ఐ లవ్ హర్’లో డ్రమ్స్ బదులు బోంగోలు, క్లావే కర్రలు వినిపిస్తాయి, నైలాన్ తీగల గిటార్ ఉంటుంది. అంటే ‘యెస్టర్‌డే’ కన్నా ముందే ఆ నడక వాళ్ల చెవిలో ఉంది.

అవతలి వైపు నుంచి కూడా ఇలాగే జరిగింది. 1940ల్లో హవానాలో కొందరు కుర్రాళ్లు అమెరికా జాజ్ పాటలు విని, ఆ కార్డులు గిటార్ మీద వెతుక్కుని బొలెరోలు కట్టారు. ‘ఫీలింగ్’ అన్న ఇంగ్లీషు మాటనే తమ ఉచ్చారణలో ‘ఫిలిన్’ చేసి తమ పద్ధతికి పేరు పెట్టుకున్నారు. సేసర్ పోర్తియో దె లా లూస్, హోసే ఆంతోనియో మెందెస్ వాళ్లలో ముఖ్యులు. వాళ్ల పాటలు ఒకటి రెండు విన్నాక మీ అభిప్రాయం మళ్లీ రాయండి, నిజంగా తెలుసుకోవాలని ఉంది.

ప్రశ్న: మా దగ్గర 61 మెట్ల కీబోర్డే ఉంది, పెడల్ లేదు. ఇవన్నీ వాయించవచ్చా? అబ్బాయి అడుగుతున్నాడు. అలాగే వాడు ఎవరిని వినాలో చెప్పండి.
— ఒక తల్లి, డాలస్

జవాబు: వాయించవచ్చమ్మా. బొలెరో భాగానికి పెడల్ ఉంటే బాగుంటుంది, ఖరీదు కూడా పెద్దగా ఉండదు, తర్వాత కొనండి. కింద బెంగళూరు జవాబులో చెప్పే మోంటూనో భాగానికి, అంటే ఒక చిన్న ముక్కనే వేగంగా మళ్లీ మళ్లీ తిప్పే చోట, పెడల్ లేకపోవడమే మంచిది. మరీ కింది మూలస్వరాలు అందకపోతే ఒక స్థాయి పైన వేయమనండి, నష్టం లేదు.

వినడానికి ఇద్దరు చాలు. మొదట క్యూబా పియానిస్ట్ రూబెన్ గొన్సాలెస్. 1996లో హవానాలో ‘బ్యూనా విస్తా సోషల్ క్లబ్’ రికార్డు చేసినప్పుడు ఆయనకు డెబ్బై ఆరేళ్లు, వాయించడం మానేసి చాలా కాలమైంది, కీళ్లు పట్టేశాయి. అయినా ఆ వేళ్లలో తొందర లేదు, ఒక వరుస వాయించి అది గదిలో తిరిగి వచ్చేదాకా ఆగినట్టు ఉంటుంది. రెండోవారు బేబో వాల్దెస్. హవానాలో పెద్ద పేరు తెచ్చుకుని 1960లో క్యూబా వదిలేసి, స్వీడన్‌లో స్థిరపడి, ఏళ్ల తరబడి అక్కడ హోటళ్లలో పియానో వాయించారు. 2003లో, ఎనభై దాటాక, స్పెయిన్ గాయకుడు దియేగో ఎల్ సిగాలాతో ‘లాగ్రిమాస్ నెగ్రాస్’ ఆల్బమ్ చేశారు. అబ్బాయిని ఆ రికార్డులో పాట వినొద్దనండి, పియానో ఎడమచేతిని మాత్రమే ఒక పది సార్లు వినమనండి. కాకినాడ పాఠకురాలు కూడా వినాలి, హోటల్లో వాయించే సంగీతం కూడా ఎంత నిండుగా ఉండగలదో ఆయన దగ్గర తెలుస్తుంది.

ప్రశ్న: పాటను బొలెరోగా మొదలుపెట్టి చివర్లో వేగం అందుకుని మోంటూనోతో ముగించాలని నా ప్లాన్. మోంటూనో చేతికి వచ్చింది కానీ ఈ పాటలో ఎక్కడ, ఏ కార్డుల మీద వేయాలో తెలియడం లేదు. ఏది వేసినా వేరే పాట తెచ్చి అతికించినట్టుంది. ఆపడం కూడా రావడం లేదు, ఆపేసరికి టెన్షన్ వస్తోంది.
— పాఠకుడు, బెంగళూరు

జవాబు: ఆలోచన చక్కగా ఉంది, క్యూబాలో ఇలాంటివాటిని బొలెరో-సోన్ అంటారు. నెమ్మదిగా కథ చెప్పి, చివర రెండు మూడు కార్డుల్లో పడి తిరుగుతూ పోవడం. పైన చెప్పిన ‘లాగ్రిమాస్ నెగ్రాస్’ పాట, మిగెల్ మాతామోరోస్ కట్టినది, ఆ కోవలోదే.

మీకు కావాల్సిన కార్డులు పాటలోనే ఉన్నాయి, బయటికి వెళ్లక్కర్లేదు. అసలు రికార్డు చివర గుర్తుంది కదా, మాటలైపోయాక మెకార్ట్‌నీ నోరు మూసుకుని ఒక్క వరుస కూనిరాగం తీస్తాడు, కింద ఆరో బార్, ఏడో బార్ మళ్లీ వస్తాయి. డి మైనర్, జి సెవెంత్, బి ఫ్లాట్, ఎఫ్. ఒక్కొక్కటి రెండేసి బీట్లు. సరిగ్గా రెండు బార్లు, సరిగ్గా ఒక క్లావే! ఏడు బార్లతో ఇంతసేపు తిప్పలు పెట్టిన పాట చివరికి తనే క్లావేకి సరిపోయే ముక్క ఇస్తోంది. ఆ రెండు బార్లనే తిప్పండి.

కుడిచేతి వేళ్ల కింద చూడండి ఏం జరుగుతుందో. డి, ఎఫ్ స్వరాలు రెండూ మొదటి మూడు కార్డుల్లోనూ కదలవు. పై స్వరం ఒక్కటే ఏ, తర్వాత బి, తర్వాత బి ఫ్లాట్ అని కదిలి, నాలుగో కార్డ్‌లో మళ్లీ ఏ దగ్గరికి వస్తుంది, అక్కడ డి కాస్తా సి అవుతుంది. అంటే మోంటూనో పైన ఒక చిన్న రాగం దానంతటదే పాడుతుంటుంది. ఆ పై స్వరాన్ని కొంచెం నొక్కి వాయించండి, చాలు. రెండు దెబ్బల వైపు మొదలయ్యేలా పెట్టుకోండి: మొదటి బార్లో ఒకటో బీట్, రెండో బీట్ నేరుగా బీట్ మీద, ఆ తర్వాత రెండో బార్ అయ్యేదాకా ప్రతి స్వరమూ బీట్‌కి బీట్‌కి మధ్యన.

ఎడమచేతి పొడుగు-పొట్టి-పొట్టి ఇక్కడ పనికిరాదు, తుంబావో అనే బేస్ నడక కావాలి. ‘తకిట తకిట తక’ అనండి, ఒక బార్‌కి ఎనిమిది అక్షరాలు, ప్రతి ముక్క మొదటి అక్షరం మీద దెబ్బ, అందులో మొట్టమొదటి ‘త’ని మింగేయండి. మిగిలిన రెండు దెబ్బలే తుంబావో, ఒకటి రెండో బీట్ దాటాక అర బీట్‌కి, ఒకటి నాలుగో బీట్ మీద. ఆ రెండు చోట్లా రాబోయే కార్డ్ మూలస్వరం ముందే వేయాలి. ఈ కార్డులకు అది జి, బి ఫ్లాట్, ఎఫ్, డి. అవి నాలుగే, తిరుగుతూ ఉంటాయి. ఒకటో బీట్ మీద ఎడమచేయి ఖాళీగా ఉండటం మొదట్లో మెట్టు లేని చోట కాలు వేసినట్టు భయంగా ఉంటుంది, నోటితో తకిట అంటూనే ఉండండి, రెండు రోజుల్లో పోతుంది. వేగం మాత్రం ఒక్కసారిగా పెంచకండి. బొలెరో ఒక బీట్‌ని మోంటూనోలో రెండు బీట్లుగా లెక్కపెట్టుకుంటే చాలు, పాట అదే నడకలో ఉండి లోపల మాత్రం చురుకవుతుంది.

ఆపడం గురించి. డ్రమ్స్ వాళ్లలా చివర ధనామని కొట్టి ఆపకండి, ఈ పాట దానికి ఒప్పుకోదు. ఎనిమిది సార్లో పదహారు సార్లో తిప్పాక ముందు కుడిచేతి కింది స్వరాలు వదిలేయండి, పై స్వరం ఒక్కటే ఏ, బి, బి ఫ్లాట్, ఏ అంటూ ఉండాలి. ఇంకో రెండు సార్లయ్యాక ఎడమచేయి తుంబావో వదిలి మళ్లీ బొలెరో పొడుగు-పొట్టి-పొట్టి అందుకుంటుంది. చివరి ఎఫ్ కార్డ్ మీద పాట మొదటి స్వరం జి వేసి అక్కడే వదిలేయండి, ఎఫ్‌కి దించొద్దు. వింటున్నవాళ్ల చెవే దాన్ని దించుకుంటుంది.